ఐదో వంతెన

బండి కదిలింది లమాయ్, అక్కని గట్టిగా పట్టుకో. పట్టుకోవడానికి నీకిప్పుడు చేతులున్నాయో లేవో నాకు తెలియదు కానీ ప్రతిదీ పైకి చెప్పాలన్నారు కాబట్టి చెబుతున్నాను. తావొన్ బాబాయి పికప్ బండి వెనక తొట్టిలో కూర్చున్నాను. ఒళ్లో ఇసుక పోసిన మట్టి పిడత, అందులో నీ పేరు మీద ఒంటి అగరుబత్తి, పక్కన నీ చారల చొక్కా, ఎండకి నువ్వు పెట్టుకునే తాటాకు టోపీ, పళ్ళెంలో ఏడు బంతిపూలు. ముందు బాబాయి, ఆయన పక్కన మన గుడి పెద్ద భిక్షువు. ఆడదాన్ని, ఆయన పక్కన కూర్చోకూడదు కాబట్టి తొట్టిలోనే నా చోటు. అదీ మంచిదే, నీతో మాట్లాడుకోవడానికి అడ్డు ఎవరూ లేరు. ఇంటికి యాభై కిలోమీటర్లు, ఏడు వంతెనలు. రోడ్డు మీద పోయిన మనిషిని ఇంటికి తెచ్చుకునేటప్పుడు వంతెన వస్తే వంతెన అని, మలుపు వస్తే మలుపు అని చెప్పాలి, లేకపోతే నీళ్ళు దాటలేక అక్కడే ఆగిపోతారు. ఇది మన ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నేను ఒక్కటి కూడా మర్చిపోను. నువ్వు పోయిన ఆ రోడ్డు వంపు దగ్గర నిన్ను ఇంకొక్క పూట కూడా వదలను, ఇవాళ నువ్వు ఇంట్లోకి రావలసిందే.

వెనక్కి చూడొద్దన్నారు. చూడకపోయినా ఆ వంపు కళ్ళముందే ఉంది. కొండరాయి కింద రేకుల గుడి, దాని చుట్టూ మొక్కుకున్నవాళ్ళు నిలబెట్టిన చారల గుర్రాల బొమ్మలు, పిల్లంతవి, దూడంతవి, వంద పైనే ఉంటాయి, కొన్నిటికి దండలు, కొన్నిటికి చెవులు లేవు. నువ్వు పడ్డచోట తారు మీద చెరుకు తొక్క ఇంకా అంటుకునే ఉంది. తొమ్మిది రోజుల కిందట తెల్లవారుజాము మంచులో, ఎవరి లారీ నుంచో జారిన గడల మీద నీ చక్రం ఎక్కిందన్నారు పోలీసులు. ఊరూరా కూరలమ్మే నీ బండికి వేలాడే కూరగాయల సంచులు చెట్లకి చిక్కుకుని మూడు రోజులు అలాగే ఊగాయట, ఒక్కరూ ముట్టలేదట. బండి నంబరుని మాత్రం అందరూ ముట్టారు, పోయినవాళ్ళ బండి నంబరు కలిసొస్తుందని జిల్లాలో సగం మంది దాని మీద లాటరీ కొన్నారు, బాబాయీ కొన్నాడు. "తగల్లేదే" అన్నాడు పొద్దున చెప్పులు వేసుకుంటూ, "బతికున్నప్పుడు ఒక్క మిరపకాయ కొసరు వెయ్యలేదు, చచ్చాక వేస్తుందా." అని, నవ్వబోయి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తిప్పడమంటే ఒళ్లంతా తిప్పాలి, ఆయన మెడ పట్టేసి రెండేళ్ళయింది. నీ ఒంటిని భిక్షువుల గుడి ఆవరణలో కాల్చాం లమాయ్, ఎముకలు అక్కడే మూటలో ఉన్నాయి, వాటిని గుడి గోడలో అమ్మ ఎముకల పక్కన అరలో పెట్టాలంటే ముందు నువ్వు రావాలి. వంపు దగ్గర పంచర్లు వేసే అతను కబురు పంపాడు, పొగమంచులో ఒకావిడ నిలబడి మన ఊరు నోంగ్‌తావ్‌కి దారెటు అని అడుగుతోందని, రెండుసార్లు చూశానని. నువ్వు దారి అడగడమేమిటి. ఈ జిల్లాలో ఏ సందులో ఏ కుక్క కరుస్తుందో కూడా తెలిసినదానివి. ఆ మాట విన్నప్పటినుంచి నాకు ముద్ద దిగలేదు.

ఇదిగో మొదటి వంతెన. వాగు ఎండిపోయింది, అయినా వంతెన వంతెనే. ఎక్కుతున్నాం, రా, నా వెంటే రా, దాటేశాం. ఒక పువ్వు గోడ మీదుగా విసిరాను, బాబాయి మూడుసార్లు హారన్ కొట్టాడు. మా వెనక చెరుకు లారీ వస్తోంది, గడలు రెండు పక్కలా జుట్టు విరబోసుకున్నట్టు వేలాడుతున్నాయి, దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది, తాడు ఇంకో చుట్టు చుడితే వీళ్ళ సొమ్మేం పోతుంది. మోటారుసైకిలు మీద మొగుడూ పెళ్ళాం, మధ్యలో నిలువుగా కొత్త ఫ్యాను, ఆవిడ పిడతని చూసి చప్పున చేతులు జోడించింది, ఫ్యాను ఒరిగిపోయింది, మళ్ళీ పట్టుకుంది. పెట్రోలు బంకు దగ్గర ఒక గుడి, బియ్యం మిల్లు దగ్గర ఒక గుడి, బడి గేటు దగ్గర ఒకటి, ఒంటి స్తంభం మీద బొమ్మరిల్లంత, ప్రతిదాని ముందు స్ట్రా వేసిన ఎర్ర సోడా. మనుషులకి లేకపోయినా దేవుళ్ళకి స్ట్రా ఉంటుంది. నువ్వు ఒక్క గుడిని కూడా వదిలేదానివి కాదు, స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేసి దణ్ణం పెట్టేదానివి, అరవై స్పీడులో. దేవుడికి దణ్ణం పెడుతూ దేవుడి దగ్గరికే పోతావే అని తిట్టేదాన్ని. ఆ మాట అన్నది ఈ నోరే. ఆ రోజు నీ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయా లేదా అన్నది నేను ఎవరినీ అడగలేదు, అడగబోను కూడా.

ఎడమకి తిరుగుతున్నాం లమాయ్, ఎడమకి, మిల్లు పొగగొట్టం వైపు. రెండో వంతెన ఇది, కింద బాతులున్నాయి, రా, దాటు. నీకు ఈ దారి నాకంటే బాగా తెలుసు, నేను చెప్పడం చేపకి ఈత నేర్పినట్టుంది, అయినా చెబుతాను. ఈ ఊళ్ళలోకి నువ్వు రోజూ వచ్చేదానివి కదా. మైకులో నీ గొంతు బండి కంటే ముందు వచ్చేది. తోటకూర వచ్చింది, రొయ్యల ముద్ద వచ్చింది, మొగుడు లేనివాళ్ళకి వంకాయలు సగం ధర. నీకూ మొగుడు లేడు, నీ వంకాయలు నువ్వే తినేదానివి. ఇప్పుడు కూడా ఒక ఇంటి ముందు ముసలామె బుట్ట పట్టుకుని నిలబడి ఉంది, మన బండి చప్పుడుకి తల ఎత్తి చూసి, నువ్వు కాదని దించుకుంది. ఎన్నాళ్ళు ఇలా నిలబడుతుందో. నీ అంత బాగా బండి తోలేవాళ్ళు మగాళ్ళలో కూడా లేరు, సంతలో చేపలవాళ్ళ సందులోంచి అద్దాలు చూసుకుంటూ రివర్సులో వచ్చేసేదానివి, రెండు పక్కలా జానెడు జాగా కూడా ఉండేది కాదు. అలాంటిదానివి మన ఇంటి ముంగిట్లో స్థలదేవుడి గుడిని గుద్దేశావని ఊరంతా రెండేళ్ళుగా చెప్పుకుంటోంది. స్తంభం విరిగింది, దేవుడి బొమ్మ తల ఒక పక్క, మొండెం ఒక పక్క. నలభై రోజులకి అమ్మ పోయింది. అమ్మకి మూత్రపిండాలు పాడై అప్పటికి ఏడాది, ఆ సంగతి నాకూ తెలుసు, డాక్టరుకీ తెలుసు, అయినా పక్కింటి పిమ్ అత్త దగ్గరనుంచి గుడ్లమ్మే మనిషి దాకా గుడి విరిగింది కాబట్టే పోయిందన్నారు. లమాయ్ కళ్ళు నెత్తిన పెట్టుకుని తోలిందన్నారు. నేనేమన్నాను? నేను ఏమీ అనలేదు. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

మూడో వంతెన. మూడోది లమాయ్, పెద్ద కాలవ, నీళ్ళు నిండుగా ఉన్నాయి, భయపడకు, నా చొక్కా అంచు పట్టుకో, చిన్నప్పుడు పట్టుకునేదానివి చూడు, అలా. పువ్వు నీళ్ళలో పడి తిరిగింది. అగరుబత్తి సగానికి వచ్చింది, దీనితోనే ఇంకోటి అంటించుకున్నాను, గాలికి అరచెయ్యి అడ్డం పెడుతున్నాను, వేళ్ళు కాలితే కాలనీ. నాకు వంతెనల భయం లేదు. నా భయమంతా గేటు దగ్గరుంది. కొత్త గుడి నిలబెట్టిన రోజు అందరూ భోజనాలకి లేచాక నేను ఒక్కదాన్నే దాని ముందు తొమ్మిది బత్తులు వెలిగించి మోకాళ్ళ మీద కూర్చున్నాను. స్వామీ, ఈ ఇంటిని పాడుచేసిన మనిషిని ఈ గేటు దాటనివ్వకు అన్నాను. నీ పేరు కూడా చెప్పాను, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, దేవుడు పొరపడకుండా. దేవుడు మాట నిలబెట్టుకున్నాడు. నువ్వు సంత ఊళ్ళో అద్దె గదిలో ఉన్నావు, రెండేళ్ళు లోపలికి అడుగు పెట్టలేదు. ఇప్పుడు నిన్ను తీసుకెళ్ళి ఆ గేటు ముందు దింపితే ఆయన కత్తి అడ్డం పెట్టడూ? ఆయనకి నేనే చెప్పాను కదా. పెద్ద భిక్షువుకి ఈ సంగతి తెలియదు, బాబాయికి తెలియదు. నాకూ ఆ దేవుడికీ మధ్య ఉన్న మాట అది, నేనే తెంపుకోవాలి.

బండి ఆగింది. నాలుగు రోడ్ల కూడలి, మూల మీద రావిచెట్టు, దాని కింద జనం వదిలేసిపోయిన పాత గుళ్ళు. ఇల్లు పడగొట్టినవాళ్ళూ, కొత్తది కట్టుకున్నవాళ్ళూ పాత గుడిని పారెయ్యలేక ఇక్కడ తెచ్చి పెడతారు. పైకప్పులు ఊడినవి, స్తంభాలు లేనివి, ఒకదాని మీద ఒకటి ఒరిగి, చేతులు విరిగిన దేవుళ్ళు, తలలు లేని ఏనుగులు. విరిగిన మన నీలం కప్పు గుడిని ఇక్కడికి తెచ్చింది బాబాయే. "ఇంజన్లో నీళ్ళు చూసుకోవాలి" అంటూ దిగాడు, ఇంజను వైపు మాత్రం వెళ్ళలేదు, తొట్టి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అదిగో, అక్కడుంది చూడు మీది" అన్నాడు.

చూశాను. విరిగిన స్తంభానికి రెండు వెదురు బద్దలు పెట్టి ఇనప తీగతో కట్టారెవరో, కూరగాయల సంచులు కట్టే నీలం ప్లాస్టిక్ తాడు కూడా ఉంది. దేవుడి తల మొండానికి అతికించి ఉంది, కొంచెం వంకరగా, ఎవరినో వెతుకుతున్నట్టు. ముందు ఎర్ర సోడా సీసాలు, ఇరవయ్యో ముప్ఫయ్యో, చివరి సీసాలో అడుగున ఇంకా కాస్త ఉంది, చీమలు పట్టాయి.

"ప్రతి సోమవారం ఆగేది" అన్నాడు బాబాయి. "నేనొకసారి ఇటు పోతూ చూశాను. అడిగాను కూడా. ఏమే, సంతంతా రివర్సులో తిరిగేదానివి, ఇంటి ముందు గుడి ఎలా గుద్దావే అని."

"ఏమంది?"

"అద్దంలో కనబళ్ళేదు బాబాయ్, అంది. అంతే. సోడా మూత తీసి నాకే ఇచ్చింది, దేవుడు సగం తాగాడు, మిగతాది నువ్వు తాగు అని."

నేను పిడతలోకి చూస్తూ కూర్చున్నాను. బాబాయి నా మొహం చూసి, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. కుడికి తిరుగుతున్నాం లమాయ్. చెప్పానా? చెప్పాను. కుడికి. నాలుగో వంతెన, కూడలి దాటగానే, ఇదిగో, రా.

అద్దంలో కనబడలేదు. అలాగన్నావా. ఆ అద్దంలో నేను కనబడ్డాను కదే నీకు, నిలువెత్తున కనబడ్డాను, నీ బండి వెనక నిలబడి చెయ్యి ఊపుతూ. కొత్త ఏడాది సంక్రమణ పండగకి నీళ్ళ గిన్నె పట్టుకుని వచ్చావు పోయినేడు, మల్లెలు వేసిన నీళ్ళు, దీవెన కోసం అక్క చేతుల మీద పొయ్యాలని. గేటు బార్లా తీసే ఉంది. నువ్వు లోపలికి రాలేదు, కొత్త గుడి వైపు చూసి దణ్ణం పెట్టావు, కాసేపు నిలబడ్డావు. నేను వంటింటి కిటికీ తెర వెనక నిలబడి చూస్తున్నాను, చేతిలో గరిటె, పొయ్యి మీద కూర మాడుతోంది. దేవుడు ఆపుతున్నాడు, చూశావా, అనుకున్నాను. ఎంత సుఖంగా ఉందో ఆ మాట అనుకోవడానికి. గిన్నె గేటు స్తంభం మీద పెట్టి వెళ్ళిపోయావు. మూడు రోజులకి నీళ్ళు ఆవిరైపోయాయి, మల్లెలు గిన్నెకి అంటుకుపోయాయి, ఇప్పుడు దానిలో కోళ్ళకి నూకలు పోస్తున్నాను. దేవుడా ఆపింది? మట్టి బొమ్మకి ఏం తెలుసు, నేను ఒక్కసారి గుమ్మంలోకి వచ్చి అన్నం తిన్నావా అని అడిగితే నువ్వు పరిగెత్తుకొచ్చేదానివి. నీ మొహం చూడలేక కదా నిన్ను రావద్దన్నది. నీ మొహం చూస్తే నాకు నేను కనబడతాను. అమ్మ చివరి రోజుల్లో మంచం మీంచి గేటు వైపే చూసేది, లమాయ్‌ని తిట్టొద్దే, అది కావాలని చెయ్యలేదు అనేది, నేను అవునమ్మా అని తలగడ సర్దేదాన్ని. అవునమ్మా అన్నాను, అంతకంటే పెద్ద అబద్ధం ఈ జన్మలో ఇంకేం ఆడతాను. బడిపిల్లల బండి ఒకటి మా పక్కనుంచి పోయింది, తొట్టినిండా తెల్ల చొక్కాలు, ఒకమ్మాయి నాకు చెయ్యి ఊపింది, ఏడుస్తున్నానని తెలియక. తరవాత ఇనప దున్నపోతు మీద ఒక ముసలాయన, అది పొలం దున్నే ఇంజనుకి బండి కట్టుకున్నది, డుగడుగమంటూ రోడ్డు మధ్యలోంచి కదలడు, బాబాయి తిట్టుకుంటున్నాడు. కాలవ వంతెన వచ్చింది. వంతెన లమాయ్, ఇది ఐదో, ఆరో... పళ్ళెంలోకి చెయ్యి పెట్టాను. మూడు పువ్వులున్నాయి.

ఈ వంతెనకి పక్కల ఎర్ర రంగు కమ్మీలుంటాయి, ఇది ఆరోది, నాకు తెలుసు. ఆరో దాని దగ్గర రెండే ఉండాలి. కమ్మీలు లేని చిన్న సిమెంటు వంతెన ఏది? చీపురు పొలాల దగ్గరిది. అది వెనకపడిపోయింది, నేను చెప్పలేదు. నా ఏడుపు నేను ఏడుస్తూ చెప్పలేదు. రెండు పిడికిళ్ళతోనూ క్యాబిన్ రేకు మీద బాదాను.

"ఏమైందే, బండి సొట్ట పడుతుంది" అన్నాడు బాబాయి బయటికి తల పెట్టకుండా, పెట్టలేక.

"వెనక్కి తిప్పు. ఐదో వంతెన చెప్పలేదు."

"ఎనిమిది కిలోమీటర్లు వచ్చేశాం. ఇక్కణ్ణించే ఒక కేక వెయ్యి, దానికేం చెవుడా."

"అది రాలేదు బాబాయ్. అక్కడే నిలబడి ఉంటుంది, చెబితే గానీ రాదు. తిప్పు."

"టైమెంతో చూశావా? పదకొండున్నర. పన్నెండు దాటితే స్వామివారు ముద్ద ముట్టకూడదు. ఇంటి దగ్గర పిమ్ అత్త చేపల పులుసు చేసి కూర్చుంది. పెద్దాయన్ని పస్తు పెట్టి పుణ్యం కట్టుకుంటావా?"

నేను తొట్టి తలుపు కొక్కెం తీశాను, నడిచి వెళ్తాను, మీరు భోజనానికి వెళ్ళండి అన్నాను. నిజంగానే వెళ్ళేదాన్ని, ఎండలో ఎనిమిది కిలోమీటర్లు, పిడత పట్టుకుని. అప్పుడు ముందు సీట్లోంచి పెద్ద భిక్షువు గొంతు వినిపించింది, పొద్దున్నించీ మంత్రాలు తప్ప ఆయన మాట విన్నది అదే మొదటిసారి.

"తావొన్, నాకు డెబ్భై ఆరేళ్ళు. ఇప్పటికి తిన్నది చాలదా? బండి తిప్పు."

బండి తిరిగింది. వెనక చెరుకు లారీ, దాని వెనక ఐసుగడ్డల బండి, పాలబండి, అందరూ ఆగారు, ఒకడు హారన్ మీద చెయ్యి పెట్టబోయి నా ఒళ్లో పిడత చూసి తీసేశాడు. ఐదో వంతెన ఎంతుంటుందని, పట్టుమని పదిహేను అడుగులు. చీపురు పొలాల మధ్య సన్నటి కాలవ మీద పలక పరిచినట్టుంటుంది. బండిని ఇవతలే ఆపమన్నాను. పిడత పట్టుకుని దిగి, నడిచి, అవతలి ఒడ్డుకి వెళ్ళాను. చీపురు పూత ఊగుతోంది, ఎండ మాడు మీద కొడుతోంది. ఎవరూ లేరు. నువ్వు ఎక్కడ నిలబడ్డావో నాకు తెలియదు కాబట్టి మూడు పక్కలా తిరిగి పిలిచాను.

లమాయ్, వచ్చాను. నేనే. నా తప్పే, పక్కకి చూశాను. ఈసారీ పక్కకే చూశాను. ఆ రోజూ అంతే కదా. నువ్వు అక్కా, వెనక చూడు, బండిలో కొత్త మూకుళ్ళున్నాయి పగులుతాయి, మెల్లగా రమ్మంటే మెల్లగా వస్తాను అన్నావు. నేను రా, రా, ఇంకా రా అని చెయ్యి ఊపుతున్నాను. రోడ్డు మీద కొబ్బరి ఐస్‌క్రీం గంట వినిపించింది. అమ్మ నోరు చేదుగా ఉందంటోంది, ఒక కప్పు కొందామని తల తిప్పి ఆ మనిషిని కేకేశాను, చెయ్యి మాత్రం ఊపుతూనే ఉన్నాను, నోరు రా రా అంటూనే ఉంది. నువ్వు వచ్చావు. నేను రమ్మన్నాను కాబట్టి వచ్చావు. చప్పుడయ్యాక దిగి నా వంక చూశావు, నేను అప్పటికే ఏం చేశావే అని అరుస్తున్నాను. నువ్వు నోరు తెరిచావు, అమ్మ అరుగు మీద నిలబడి ఉంది, నోరు మూసేశావు. ఆ మూసిన నోరు మళ్ళీ తెరవలేదు, బాబాయి దగ్గర కూడా. నువ్వు ఒక్కసారి నిజం చెప్పేసి ఉంటే నేను నిన్ను తిట్టి, కొట్టి, కాళ్ళు పట్టుకుని ఉండేదాన్ని. ఇప్పుడు పద. వంతెన ఇది, ఐదోది, పదిహేను అడుగులు. నేను ముందు నడుస్తాను, నా మడమలు చూసుకుంటూ రా. పువ్వు నీళ్ళలో వేసి, బత్తి చివర ఎర్రగా ఉందో లేదో చూసుకుంటూ, కాళ్ళకి చెప్పులు లేకుండా కాలే సిమెంటు మీద ఒక్కో అడుగు వేసి దాటాను. ఇనప దున్నపోతు ముసలాయన అటునుంచి వచ్చి, మమ్మల్ని చూసి ఇంజను ఆపేసి, టోపీ తీసి పట్టుకున్నాడు. అంత నిశ్శబ్దం ఆ రోడ్డు మీద నేనెప్పుడూ వినలేదు.

ఆ తరవాత నేను దేన్నీ తలుచుకోలేదు. రోడ్డే చూశాను. ఆరో వంతెన, ఎర్ర కమ్మీలది, రా. గతుకులున్నాయి, కూర్చో. పోలీసు ఠాణా ముందు గుడి, దణ్ణం పెట్టుకో, నీ బదులు నేనూ పెట్టాను. కుక్క అడ్డం వచ్చింది, పోయింది. ఏడో వంతెన, మన ఊరి కాలవ, నువ్వు ఈత నేర్చుకున్నది ఇందులోనే, రా. బడి, గుడి, మిల్లు, ఎడమకి. మన సందు. మన గేటు.

పన్నెండు దాటి ఇరవై నిమిషాలు. ముంగిట్లో పిమ్ అత్త, ఆమె వెనక సందులో ఆడవాళ్ళు ఆరేడుగురు, పులుసు గిన్నెల మీద మూతలు పెట్టి కూర్చున్నారు. "ఇంత ఆలస్యమా" అని లేచింది అత్త. "స్వామివారి భోజనం చల్లారి, టైమూ దాటిపోయింది కదే."

నేను దిగి, పిడతని జాగ్రత్తగా తొట్టిలోనే నీ చొక్కా మీద పెట్టి, స్థలదేవుడి గుడి ముందుకి వెళ్ళాను. తొమ్మిది బత్తులు వెలిగించాను. అప్పుడు ఎవరూ వినకుండా అడిగాను, ఇప్పుడు అందరూ వినేలా అడగాలి, అదొక్కటే దారి, వంతెనల మీదే అది తేలిపోయింది. సందు చివరిదాకా వినబడేలా చెప్పాను. "స్వామీ, నేను వాన్‌దీని. రెండేళ్ళ కిందట నా చెల్లెల్ని గేటు దాటనివ్వొద్దని నిన్ను అడిగాను. అబద్ధం చెప్పి అడిగాను, అది చెల్లదు. నీ పాత గుడిని విరగ్గొట్టింది అది కాదు. వెనక నిలబడి రమ్మన్నది నేను, పక్కకి చూసింది నేను. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. దాన్ని రానీ."

బత్తుల పొగ నిలువుగా లేచింది. మట్టి దేవుడు కత్తీ సంచీ పట్టుకుని ఎప్పటిలాగే చూస్తున్నాడు. ఒప్పుకున్నాడో లేదో నాకెలా తెలుస్తుంది. "రానివ్వకపోతే" అన్నాను కొంచెం దగ్గరికి వంగి, "నిన్ను తీసుకెళ్ళి రావిచెట్టు కింద పెడతాను, అక్కడ సోడా పోసేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు." భిక్షువు దగ్గారు. నవ్వో దగ్గో తెలియలేదు.

నువ్వున్న తొట్టి ముందు లోపలికి రావాలి కాబట్టి బండి రివర్సులో రావాలి. బాబాయి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకే చూస్తూ అన్నాడు, "నా మెడ తిరగదు, తెలుసుగా. నువ్వెలా చెబితే అలా వస్తాను." ఆ మాట ఎందుకన్నాడో నాకు అర్థమైంది. వెళ్ళి బండి వెనక నిలబడ్డాను, ఆ రోజు నిలబడ్డ చోటే. కుడివైపు గుడికీ బండికీ మధ్య జానెడున్నర.

"రా" అన్నాను. బండి కదిలింది. "రా, లమాయ్, రా, ఇంకా రా." పిడతలో బత్తి చివర ఎర్రగా వెలుగుతోంది. నా పక్కనుంచి పిమ్ అత్త గొంతు వచ్చింది, "వాన్‌దీ, నువ్వు చెప్పింది నిజమేనటే? ఇన్నాళ్ళూ మేం దాన్ని..." ఇంకా ఏదో అంటోంది, ఇంకెవరో ముక్కు చీదారు, ఎవరో నా భుజం పట్టుకుని తిప్పబోయారు. నేను తల తిప్పలేదు. "కొంచెం ఎడమకి. ఆఁ. రా. గేటు దాటుతున్నావు. దాటావు. రా, రా."

చక్రం గుడి నీడ మీదుగా వచ్చింది, స్తంభాన్ని తాకలేదు.

"ఆగు" అన్నాను. "ఇక చాలు. ఇంటికొచ్చేశావు."